టోకు బేరం

ముప్పై ఒక్క ఏళ్లు ఈ పాత మిల్లుల ఊళ్లో
మీటర్లు చదివాను.
కుక్కల పేర్లు ముందు తెలిసేవి, మనుషుల పేర్లు తర్వాత.
ఏ ఇంటి నేలమాళిగలో చక్రం పరుగెత్తుతుందో,
ఏ ఇంట్లో నడి చలికాలంలో కూడా
కాలీడ్చుకుంటూ తిరుగుతుందో
నా పుస్తకంలో ఉండేది.
కిటికీ పరదా అబద్ధమాడుతుంది. అంకె ఆడదు.

తర్వాత మీటర్లే మాట్లాడటం నేర్చుకున్నాయి.
నాకు కేకు కోసి సెలవిచ్చారు.

నాలుగేళ్ల కిందట మార్చిలో నగరసభ మళ్లీ పిలిచింది.
"జెర్వాజియో, నువ్వు తడితే తలుపు తీస్తారు.
ఇకమీదట కరెంటు ఊరంతా కలిసి కొంటుందని
ఇంటింటికీ చెప్పి రా."

చేపల రేవులో అయితే చెప్పక్కర్లేదు.
ఒక్క చేప కొనేవాడికి ధర ఉంటుంది,
పడవ మొత్తం కొనేవాడికి బేరం ఉంటుంది.
కరెంటు దగ్గర మాత్రం ఇన్నాళ్లూ
ఎవరి చిల్లర వాళ్లం పిడికిట్లో పట్టుకుని
ముఖం లేని దుకాణం ముందు నిలబడ్డాం.
గీసి గీసి అడుగుదామంటే మనిషి లేడు,
కొసరు వేయడానికి చెయ్యి లేదు.

మూడో అంతస్తులో ఇడలీనా ఫుర్టాడో
గొలుసు తీయకుండానే తలుపు తెరిచింది.
"బిల్లు చూపించను" అంది, నేను అడగకముందే.
అంతకు రెండేళ్ల ముందు ఎర్ర జాకెట్టు కుర్రాడొకడు
తియ్యగా మాట్లాడి సంతకం పెట్టించుకుపోయాడు.
మూడు నెలలు చౌక.
ఆ తర్వాత బిల్లు విప్పాలంటే
ముందు కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేదట.

"సంతకం అక్కర్లేదమ్మా" అన్నాను.
"అయితే ఇంకా భయం" అంది.
నిజమే. వద్దన్నవాళ్లే కార్డు పంపాలి,
ఊరుకున్నవాళ్లంతా ఉన్నట్టే లెక్క.
మౌనం అర్ధాంగీకారం అంటారు,
ఇక్కడ మిగతా సగం కూడా వాళ్లే రాసుకున్నారు.
ఆ ముక్క పోర్చుగీసులో చెబుతుంటే
నా నాలుక నన్నే అనుమానించింది.

కింది వాటా కోర్మక్ డన్లీవీ కార్డు పంపేశాడు.
స్టాంపు అవసరం లేదని దాని మీద ముద్రించే ఉంది,
అయినా ఒకటి కొని అంటించాడు.
"నా బేరం నేనాడుకుంటాను" అన్నాడు.

ధరలు తెరిచిన రోజు నేనూ వెళ్లాను.
ఒక బల్ల, చల్లారిన కాఫీ,
నాలుగు కంపెనీలు, నాలుగు అంకెలు.
సాయంత్రం నాలుగు దాటితే ఆ అంకెలు చెల్లవట,
ఎండలో పెట్టిన పాలు నయం.
మేయరు పెన్ను రాయలేదు.
గుమస్తా సోఫీప్ తన జడలోంచి ఒకటి తీసిచ్చింది.
ఇరవై రెండు వేల వంటిళ్లు
ఆ ఒక్క గీతలో దూరాయి.

జూన్ బిల్లులో ఇడలీనాకి తగ్గింది
పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
"ఇంతేనా?"
"ఇంతే."
"ఇంతదానికి ఇంత హడావిడా" అంది గానీ
ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
మొగుడి ఫోటో వెనక దోపింది.

రెండో ఒప్పందం నాటికి గాలి తిరిగింది.
మా టోకు ధర కంటే డన్లీవీ చిల్లర ధర
ఆర్నెల్లు రెండు సెంట్లు తక్కువ పలికింది.
బిల్లుని కిటికీ అద్దానికి అంటించాడు, వీధివైపు.
ఆగి చదివాను. చదవడం నా వృత్తి.
లెక్క సరిగ్గానే ఉంది, టోపీ తీశాను.

ఆ జనవరి మంచువానకి తీగ తెగింది.
పై వాటా, కింది వాటా
ఒక్క క్షణంలోనే ఆరిపోయాయి.
కలిసి కొన్నదీ విడిగా కొన్నదీ
ఒకే స్తంభం మీంచి వస్తోందని
అంతదాకా ఎవరికీ గుర్తు లేదు.
డన్లీవీ కొవ్వొత్తులు పట్టుకుని పైకెక్కాడు.
ఎంతకు కొన్నావని ఇడలీనా అడగలేదు.

నిన్న ఆమెకి మందులిచ్చి దిగుతున్నాను.
మెట్ల దీపం మీట ఆమె తలుపు లోపల,
దాని ఖర్చు ఆమె మీటరు మీద.
తలుపు మూయగానే, అలవాటు కదా, ఆర్పేసింది.
ఐదో మెట్టు మీద మోకాలు తడబడింది.
చప్పుడు విన్నట్టుంది,
మళ్లీ వెలిగింది.

నేను ఆగి ఆగి దిగాను.
వీధి తలుపు దాకా
వెలుగుతూనే ఉంది.
ఎంతవుతుందో నాకు నోటిలెక్క వచ్చు.
వేయలేదు.